చీమలు పాస్ చేసిన బ్రేకు పైపు

మా అంబాసిడర్ నాకన్నా రెండేండ్లు చిన్నది, నాకన్నా మొండిది. పోయిన నెల భీమ్‌గల్ కాడ లింబాద్రి గుట్ట దర్శనం చేసుకొని దిగుతుంటే బ్రేకు తొక్కిన. కాలు నేలకు తాకింది గాని బండి ఆగలె. మలుపుల ఒక రైతు ఆరబోసిన పసుపు కుప్పల పోయి నిలబడ్డది. దుమ్ము లేచి మా ఇంటామె సుజాత నెత్తి నుంచి కాళ్ల దాక పచ్చగైంది.

"పెండ్లినాడు గూడ నాకు గింత పసుపు పెట్టలె" అనుకుంట దిగింది. ఇంటికొచ్చినంక తీర్పు చెప్పింది. "వచ్చే ఆదివారం గదే గుట్ట ఎక్కిచ్చి దింపు. ఆగితే ఉంచుకో. ఆగకుంటే సోమవారం పాత ఇనుము కొనే కబాడాయనకు ఏస్త."

కబాడాయన అంటే ఆమెకు మస్తు గౌరవం. పగిలిన పాత బ్రేకు పైపు నమూనాకు పనికొస్తదని గోడకు ఆనిచ్చి పెడితే, నేను స్నానం చేసొచ్చే లోపట ఆయనకే ఏసి ఉల్లిగడ్డలు తీసుకున్నది. ఆ ఉల్లిగడ్డల కూర నేనే తిన్న, ఏం చేస్త!

నిజామాబాద్ల కంప్యూటర్ పెట్టి బండి నాడి చూసే షాపులు మస్తున్నయి. నా బండికి ఆ వైరు గుచ్చే తొర్రే లేదు, దానికి పట్టే పైపు గూడ యాడ దొరకలె. ఒకాయన మాత్రం "ఫ్రిజ్జు రాగి పైపు ఏద్దాం సార్, మంచిగ మెరుస్తది" అన్నడు. మెరిసి ఏం లాభం, పసుపు కుప్పల ఎవరు చూస్తరు? అదే మాటంటే అలిగిండు. చివరికి ఒక లారీ డ్రైవర్ చెప్పిండు, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీల పైపులు బిగించిన దావీదన్న బోధన్ల ఉన్నడని.

శనివారం పొద్దున ఎనిమిదీ నలభైకి బోధన్ బస్సు ఎక్కిన. చేతుల సుతిలి తాడు. ముందురోజే బండి కిందికి దూరి, పైపు పోయే తోవంట తాడు పరిచి, వంపు ఉన్నకాడల్ల ముడేసి కొలత తీసిన. బస్సుల ఆడోళ్లకు టికెట్ లేదు, మొగోళ్లకు సీటు లేదు. నిలబడి ఊగుతుంటే సీట్ల కూసున్న కోటగిరి అవ్వ ఒకామె అడిగింది.

"తాడు పట్టుకొని పోతున్నవ్, బర్రెను కొంటవా బిడ్డా?"

"కాదవ్వా, కారు బ్రేకు కొలత ఇది. బండి ఆగుత లేదు."

"ఆగని దాన్ని ఎందుకు సాదుతున్నవ్? మా బర్రె 'హో' అంటె ఆగుతది."

బస్సంత నవ్వింది. కండక్టర్ గూడ నవ్విండు, చిల్లర మాత్రం ఇయ్యలె.

తొమ్మిదిన్నర దాటినంక దిగి, ఇడ్లీ తిని, ఫ్యాక్టరీ క్వార్టర్ల ఎనుకకు పోయిన. దావీదన్నకు డెబ్బై ఏండ్లుంటయి. నా తాడు నేల మీద పరిచి, ముడులు లెక్కపెట్టి, కొత్త ఉక్కు పైపు కోసిండు. ఆ తర్వాత డబ్బా తీసి పైపుల మెత్తటి చక్కెర పొయ్యవట్టిండు. నాకు నవ్వొచ్చింది.

"గిదేంది అన్నా, పైపుకు ఛాయ్ పెడుతున్నవా?"

"ఉత్త పైపు వంచితే నొక్కుకపోతది తమ్మి. ఇసుక నింపితే ఒక్క గింజ మిగిలినా కొంప మునుగుతది. చక్కెరైతే వేడినీళ్లకు కరుగుతది. ఫ్యాక్టరీల గిట్లనే చేస్తుంటిమి. ఇప్పుడు చక్కెర ఊర్లె కూసొని కిరాణంల చక్కెర కొంటున్న."

తాడు ముడులను బట్టి వంచి, రెండు కొసలకు నట్లు ఎక్కిచ్చి, మూతులు వెడల్పు చేసి, వేడినీళ్లు పోసి కడిగేసరికి మూడైంది. తీస్కపోదామని చెయ్యి పెడితే ఆపిండు. పైపును గోడకాడ చీమల బారు పక్కన పెట్టిండు.

"గంట సేపు చూద్దాం. మూతికాడికి చీమ రాకుంటె పాస్."

"చీమలకు తీరికుందేమో గాని, నాకు మూడున్నర బస్సున్నది" అన్న.

"నీ ఇష్టం తమ్మి. బ్రేకు నీది, భార్య నీది."

మనిషంత పొడుగు పైపుతోని బస్సు ఎక్కితే, మందిల ఒకలు పట్టుకొని నిలబడ్డరు, ఇంకొకలు సంచి తగిలిచ్చిండ్రు. ఎడపల్లి వస్తుండంగ సంచి తీసుకున్నామె చెయ్యి దులుపుకున్నది. "ఏందన్నా, నీ ఇనుము తియ్యగున్నదా? చీమలు లోపటికి పోతున్నయి!"

పైపు మూతిల తొంగి చూసిన. దావీదన్న గోడకాడనే టికెట్ లేకుండ ఎక్కినయన్నట్టు. లోపట చక్కెర మిగిలింది. గిట్లనే బిగిస్తే గుట్ట మలుపుల ఏమైతుండె? సుజాత మొఖం కండ్ల ముంగట తిరిగింది. ఎడపల్లిల దుంకిన.

ఛాయ్ దుకాణంల మరిగిన నీళ్లు అడుక్కొని పైపుల పోసి, అటు కొస నుంచి వచ్చింది నాలుకకు రాసుకున్న. తియ్యగున్నది! దుకాణపామె, "నా ఛాయ్‌కన్న మంచిగున్నదా సార్?" అన్నది. నాలుగోసారికి సప్పగైంది. పక్కన పంక్చర్ షాపుల గాలి కొట్టిచ్చి లోపట తడి లేకుండ చేసిన. ఆ తర్వాత బుద్ధిగ దుకాణం గోడకాడ చీమల బారు ఎతికి, పైపు పెట్టి, గొంతుకూసున్న.

ముప్పై ఏండ్లు సర్కారు ఆఫీసుల ఫైళ్లు పాస్ చేసినోన్ని. "రేపు రా" అని ఎంతమందిని తిప్పిననో. ఇయ్యాల చీమలు నన్ను కూసోబెట్టినయి. ఆగలేక లంచం లెక్క ఒక బిస్కట్ ముక్క గూడ ఏసిన. అది మోసుకొని, పైపు దిక్కు చూడకుండ పోయినయి. గంట గడిచింది. పాస్.

ఆదివారం పొద్దున మెకానిక్ పైపు బిగించి, కొత్త బ్రేకు ఆయిల్ పోసి, పైపుల గాలి తీసిండు. మా గల్లిల పదిసార్లు ఆపి చూసిన తర్వాతనే గుట్టకు పోయినం. దర్శనమైనంక సుజాత ముందు సీట్ల కూసున్నది. దిగుతున్నం. మలుపుల అదే రైతు, అదే పసుపు కుప్ప. మా బండిని గుర్తువట్టి ఉరికొచ్చి, కుప్పకు అడ్డంగ చేతులు చాపి నిలబడ్డడు.

తొక్కిన. బండి ఆగింది. ఆయనకూ బండికీ నడుమ ఇంకో బండి పట్టే జాగున్నది. ఆయన మెల్లగ చేతులు దించి, "ఆగింది సార్!" అని నాకే చెప్పిండు.

సుజాత దిక్కు తిరిగిన. అప్పుడు చూసిన నేను, ఆమె కట్టుకున్నది పోయినసారి పసుపు మరకలు పడ్డ చీర. పొద్దటి నుంచి కండ్ల ముంగటనే ఉన్నది, నేనే చూడలె.

"ఎందుకైనా మంచిదని గిదే కట్టుకొచ్చిన" అన్నది. కొంచెం దూరం పోయినంక కొంగు సదురుకొని, "రేపు పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె వస్తె ఈ చీర ఇచ్చేస్త" అన్నది.