వట్టి రాయి చప్పుడు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నూనె దండగని పెందలాడే దీపం ఆర్పేసే ఇల్లు మాది. చీకట్లో తిరగడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. కనబడేది ఏదైనా ఉంటే ఈపాటికి ముందు నాకే కనబడి ఉండాలి. నేను చదివింది రెండో తరగతే. అయినా చూడనిదాన్ని చూశానని చెప్పే మనిషిని కాను. ఇప్పుడు చెప్పేది కూడా చూసింది కాదు, విన్నది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ఆళ్లగడ్డ. ఇంట్లో నేను, నా కొడుకు ఓబులేసు, కోడలు, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నరసమ్మ. పిల్లకు పదహారు దాటిన ఏడాది దమ్ము మొదలైంది. బిందె ఎత్తితే దమ్ము, మిద్దె మెట్లెక్కితే దమ్ము. రానురాను వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. అందరూ ఉబ్బసమన్నారు. ఉమ్మెత్తాకు పొగ పట్టాం. ఊళ్ళో ఉబ్బసానికి వేసే సూదులూ వేయించాం. పొగకు దగ్గు ఎక్కువైంది గానీ దమ్ము తగ్గలేదు. దగ్గినప్పుడు ఎర్రటి జీర కూడా పడసాగింది.

ఒకనాటి పగలు నేను గడప దగ్గర కూర్చొని కొర్రలు చెరుగుతున్నాను. నరసమ్మ లోపల మంచం మీద బొంతలకు ఆనుకొని ఉంది. ఎడమవైపుకు, గోడ పక్కకు, ఒత్తిగిలింది. అప్పుడు విసుర్రాయి తిరిగే చప్పుడు వినబడింది.

విసుర్రాయి చప్పుడు తెలియని ఆడది మా పక్క లేదు. గింజ పోసి విసిరితే అది మెత్తగా పలుకుతుంది. గింజ లేకుండా తిప్పితే గరగరమని, రాయికి రాయి ఒరుసుకొని తిరుగుతుంది. నేను విన్నది వట్టి రాయి చప్పుడు. వట్టి రాయి తిప్పితే ఇంట్లో ఒక మనిషి తరుగుతారని మా వాళ్ళు తిప్పనివ్వరు. ఆ మాట నాకు పట్టదు. రాయి అరుగుతుందని మాత్రం కోడల్ని నేనూ తిప్పనిచ్చేదాన్ని కాదు.

లేచి చూశాను. మా రాయి మూలన కదలకుండా ఉంది. పక్కింటి వాళ్ళది కావచ్చని వెళ్ళి చూస్తే వాళ్ళ ఇంటికి తాళం. ఎలుకలేమోనని గాదె వెనక కట్టెతో పొడిచాను.

"ఏందవ్వా ఎతుకుతాండావు?" అంది నరసమ్మ. తనకేమీ వినబడలేదట. మాట్లాడుతూనే కుడివైపుకు తిరిగింది. చప్పుడు ఆగిపోయింది.

మర్నాడూ అంతే. ఎడమకు తిరిగితే వినబడుతుంది, లేస్తే పోతుంది. పైరాయిని తీయించి పెరట్లో గోడకు చేర్పించాను. అయినా వినబడింది. కోడలికి వినబడలేదు, ఓబులేసుకూ వినబడలేదు. వాడు మాత్రం బెదిరిపోయాడు. నా అత్త పోయేదాకా ఆ రాయి దగ్గరే కూర్చునేది కాబట్టి, ఆమే వచ్చి పిల్లను పిలుస్తోందని వాడి అనుమానం.

"కొలిమిగుండ్ల తావ ఒకాయన తాయెత్తు కడతాడంటమ్మా" అన్నాడు.

"యాడ కడతాడు? దమ్ము రొమ్ములో ఉంటే మెడకు కడతాడా? బండి కట్టు. నంద్యాల పోదాం" అన్నాను.

అంతదూరం ఎందుకని ఇంటిల్లిపాదీ నసిగారు. నేను వినలేదు. బస్టాండు దాకా బండిలో, అక్కడి నుంచి బస్సులో పిల్లను నా భుజానికి ఆనించుకొని తీసుకుపోయాను.

నంద్యాల డాక్టరు నెమ్మదస్తుడు. నాడి చూశాడు, మెడ నరాలు చూశాడు, కాళ్ళ మీద వేలితో నొక్కితే పడిన గుంట చూశాడు. గొట్టం చెవుల్లో పెట్టుకొని వీపు విన్నాడు, రొమ్ము విన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు. నాకు ఆగబుద్ధి కాలేదు.

"డాక్టరయ్యా, ఎడమ పక్కకు పండుకోబెట్టి ఇను. రాయి తిరిగినట్టు ఉంటాది."

ఆయన గొట్టం చేతిలో పట్టుకొని నా వైపు చూశాడు. ఎలాగూ ఆ పక్కకు తిప్పే చూస్తాడట, అది వాళ్ళ చదువులోనే ఉందట. పిల్లను తిప్పి, ఎడమ రొమ్ము కింద గొట్టం ఆనించి, కళ్ళు మూసుకొని చాలాసేపు విన్నాడు.

"నీకెవరు చెప్పారు పెద్దమ్మా?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదని, నా చెవులతో విన్నానని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆ చప్పుడు గొట్టం పెట్టినా అందరికీ దొరికేది కాదట, బయటికి వినబడే ప్రశ్నే లేదట. చిన్నప్పుడు పిల్లకు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చింది. గొంతునొప్పి తగ్గిన వెనక మోకాళ్ళు వాచాయి, వావిలాకు కాపడం పెట్టాం, పోయింది. పోయిందనే అనుకున్నాం. ఆ జ్వరమే గుండెను పట్టుకుందన్నాడు. గుండెలో అరలుంటాయి, అరకూ అరకూ మధ్య తలుపు ఉంటుంది. నరసమ్మకు ఒక తలుపు బిగుసుకుపోయి సందు మాత్రం మిగిలింది. ఆ సందులోంచి నెత్తురు ఒరుసుకుంటూ పోతుంది, పోలేనిది వెనక్కు మళ్ళి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అదీ దమ్ము. ఉబ్బసం కాదు.

ఉప్పు మాన్పించాడు. నీరు దిగడానికి సూది వేశాడు, గుండె నిదానించడానికి మాత్రలిచ్చాడు. ఇవి ఆపి ఉంచుతాయే గానీ తలుపు తీయవని కూడా చెప్పాడు. తీసే డాక్టర్లు మద్రాసులో ఉన్నారని, పక్కటెముకల సందున కోసి గుండెలోకి వేలు పెట్టి తెరుస్తారని, అందరూ బతుకుతారని తాను మాట ఇవ్వలేనని అన్నాడు.

ఇంటికొచ్చాక ఓబులేసు అన్నం ముట్టలేదు.

"గుండెకాయలో వేలు పెడితే మనిషి ఉంటాదా అమ్మా?"

"పెట్టకపోతే ఉంటాదా? అది చెప్పు ముందు."

కోడలు లేచి పెట్టె సర్దింది. నంద్యాలలో రైలెక్కారు ముగ్గురూ. గొడ్లను చూసుకోవడానికి నేను ఇంట్లో ఉండిపోయాను.

వాళ్ళు పోయిన మరునాడు ఆ గదిలో పేడనీళ్ళతో అలుకుతుంటే చప్పుడు మళ్ళీ వినబడింది. మంచం ఖాళీగా ఉంది. పిల్ల మద్రాసులో ఉంది. అయినా అదే గరగర. నేను భయపడ్డానని చెప్పను. అలికే గుడ్డ పక్కన పెట్టి, మంచం పట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఇది వినబడినన్నాళ్ళు పిల్ల ఉన్నట్టే అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానంటే చెప్పలేను. ఆనాటి నుంచి వంట, గొడ్ల పని, అన్నీ ఆ గది మీద ఒక చెవి వేసే చేశాను.

ఒక శుక్రవారం, సంగటి కెలుకుతుండగా చప్పుడు ఆగిపోయింది. తగ్గుతూ తగ్గుతూ కాదు, పట్టుకొని ఆపినట్టు ఆగింది.

తెడ్డు వదిలి పోయి గదిలో నిలబడ్డాను. ఎంతసేపు నిలబడినా లేదు. పిల్ల పోయిందనే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏడిస్తే అది ఖాయమైపోతుందనిపించింది. సంగటి ముద్దలు చేసి చేలో కూలీలకు పంపాను, గొడ్లకు నీళ్ళు పెట్టాను. నేను మాత్రం తినలేదు.

కొన్నాళ్ళకు ఓబులేసు ఒక్కడే బస్సు దిగి వచ్చాడు. వాకిట్లో వాడి చెప్పుల సవ్వడి విని గోడ పట్టుకున్నాను.

"బతికిందమ్మా. దిండు లేకుండా పండుకుంటాంది" అన్నాడు.

తర్వాత కూర్చొని అంతా చెప్పాడు. రొమ్ముకు, చేతులకు తీగలు అంటించి గుండె నడకను కాగితం మీద గీతలుగా తీశారట. లోపలి ఫోటో తీశారట. గుండెకు చెవి లాంటి తిత్తి ఒకటుందట, అందులోంచి వేలు పోనిచ్చారట. వేలికి ఆ ఒరుపు తగిలిందని, తలుపు విడగానే టక్కున ఆగిపోయిందని పెద్ద డాక్టరే చెప్పాడట. ఎప్పుడని అడిగాను. శుక్రవారం, పగటి అన్నం వేళకు ముందు అన్నాడు.

పిల్ల ఇంటికి వచ్చాక నంద్యాల తీసుకుపోయాను. డాక్టరు విని, తలాడించి, ఆ గొట్టం నా చెవులకే పెట్టాడు. లబ్ డబ్‌మని గుండె కొట్టుకోవడం తప్ప ఏమీ లేదు. ఖాళీ మంచం సంగతి ఆయనకు చెప్పాను. నవ్వలేదు. తాను చదివిన దాంట్లో దానికి జవాబు లేదన్నాడు.

ఈ మాట ఊళ్ళో పాకింది. మొన్న ఒకామె దమ్ముతో ఉన్న కొడుకును ఎత్తుకొచ్చి, నీ చెవి పెట్టి చూడు అవ్వా అని నా ముందు కూర్చోబెట్టింది. అడిగింది కదా అని పెట్టాను. ఏమీ వినబడలేదు. నరసమ్మ తర్వాత నాకు ఎవరి దగ్గరా ఏమీ వినబడలేదు. ఆనాడు ఎలా విన్నానో ఇప్పటికీ తెలియదు. నాకు వినబడలేదంటే జబ్బు లేనట్టేనని ఆ తల్లి ముఖం విప్పారబోయింది.

"నా చెవి మాట నమ్మి ఇంటికి పోతావా? లెయ్" అన్నాను. తలుపు దగ్గరికేసి, ఆమె వెంట నడిచి, ఇద్దరినీ నంద్యాల బస్సు ఎక్కించి వచ్చాను.