ఒకటే తాడు

నిన్న ఆళ్లగడ్డలో మా చెల్లెలింట్లో నాయన ట్రంకుపెట్టె తెరిచినాము. కలరా ఉండల వాసనతో పాటు ఆ అద్దం పటం బయటపడింది. సముద్రం ఒడ్డున నిట్టనిలువు కొండ, దాని మీద పైకొకటి, కిందికొకటి రెండు చిన్న రైలుపెట్టెలు.

నా చిన్నప్పుడు మేము నంద్యాలలో ఉండేవాళ్లం. నాయన మిషన్ బడిలో అయ్యవారు. తన దేశానికి తిరిగిపోతూ ఒక దొరసాని ఇచ్చిన ఆ పటాన్ని నడవలో మేకుకు తగిలించినాడు. "రెండు పెట్టెలకూ ఒకటే తాడు పాపా. మన బావి గిలకకు రెండు బొక్కెనలు లేవా, అట్లే. ఒకటి కిందికొస్తే ఇంకోటి పైకి పోతాది" అని చెప్పినాడు.

నా ఆరో ఏట చెల్లెలు పుట్టింది. దేవుడు దాన్ని పైనుంచి పంపినాడన్నారు. మూడో రోజు అమ్మ చనిపోయింది. పాస్టరమ్మ నా తల నిమిరి, "మీ అమ్మ పైకి పోయింది" అనింది. నాకు అంతా అర్థమైపోయింది.

ఆ సాయంత్రం చెల్లెలు ఒకటే ఏడుపు. నాయన దాన్ని భుజాన వేసుకుని తిరుగుతాంటే చొక్కా పట్టుకుని అడిగినాను.

"నాయనా, దీన్ని పైకి పంపిస్తే అమ్మ కిందికొస్తాది కదా?"

నాయన నిలబడిపోయినాడు. చెల్లెలిని ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. నా మీద కోపమొచ్చిందనుకున్నాను. "ఆ తాడు తెగిపోయింది పాపా" అన్నాడు. తెల్లారి చూస్తే గోడకు మేకు ఒక్కటే ఉంది.

నిన్న చెల్లెలు కొంగుతో అద్దం తుడిచి, "ఎంత బాగుందక్కా! దీన్ని నాయన ఎందుకు దాచిపెట్టినాడు?" అనింది.

"మేకు ఊడిపోయిందిలే" అన్నాను.