ఒక్క దగ్గు

గల్ఫులో కూలి మనిషికి శుక్రవారమంటే కంటినిండా నిద్ర. బహ్లాలో పెద్దులుకు ఆ అదృష్టం లేదు. వారమంతా ఖర్జూరం తోటలో చాకిరీ, శుక్రవారం యజమాని ఉమర్ గారి బొమ్మ విమానం చాకిరీ. రిమోటుతో ఎగిరే ఆ విమానానికి చిన్న పెట్రోలు ఇంజిను. పిట్ట కొంచెం, కూత ఘనం.

గాలి తగ్గించే చోకు మూసి, ముందున్న పంకాను చేత్తో తిప్పుతుంటే ఇంజిను ఒకసారి దగ్గుతుంది. ఆ దగ్గు వినగానే చోకు తెరవాలి. వినకుండా తిప్పుతూ పోతే లోపల పెట్రోలు నిండి మొండికేస్తుంది.

ఇవాళ మొండికేయకూడదు. పెళ్లాం లస్మవ్వ మస్కట్‌లోని రూవిలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఆమెకూ సెలవు శుక్రవారమే. ఒకే దేశంలో ఉండి మొహాలు చూసుకున్నది రంజాన్‌కు ముందు. ఒక్క చుట్టు ఎగిరితే చాలు, తానే మస్కట్ బస్సెక్కిస్తానన్నాడు ఉమర్. మాట తప్పే మనిషి కాదు.

పెద్దులు పంకాను తాకి కళ్లకద్దుకున్నాడు. భుజాలు గుంజుతున్నా తిప్పాడు. మనసు అప్పుడే రూవి చేరింది. లస్మవ్వ జొన్నరొట్టెలు తెస్తానంది. ఆ ధ్యాసలో దగ్గు వచ్చింది, పోయింది. పెట్రోలు వాసన ముక్కుకు తగిలాక గానీ తెలియలేదు.

పెట్రోలుకు తడిసిన ప్లగ్గు విప్పి తుడిచి ఎండలో పెట్టాడు. అది ఆరేలోగా మస్కట్ బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. తర్వాతి బస్సెక్కితే రాత్రిలోగా తిరిగి రాలేడు. వచ్చే శుక్రవారం చూద్దాంలే అన్నాడు ఉమర్, జాలిగానే.

పెద్దులు ఫోను చేశాడు. “ఇంజిన్ చాలూ గాలే, లస్మీ. బస్సు వోయింది.”

అటువైపు లస్మవ్వ ఆవలించింది. “పోతే పోనియ్. నాకు గూడ పాణం మస్తు అలిసింది. జర పండుకుంట.”

ఏడుస్తుందేమోనని భయపడ్డవాడికి బరువు దిగినట్టయింది. మరుక్షణమే ఆ తేలికకు గుండె కలుక్కుమంది. కలవకపోయినా ఫరవాలేదనిపించేంత అలిసిపోయామా అనుకున్నాడు.

ఫోను జేబులో వేసుకుని ప్లగ్గు బిగించాడు. ఈసారి దగ్గు విన్నాడు. చోకు తెరిచి తిప్పగానే ఇంజిను అందుకుంది. ఉమర్ రిమోటు తిప్పుతుంటే విమానం కొండల వైపు ఎగిరింది.

చప్పుడు దూరమయ్యాక జేబులో ఏదో గరగర. ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. లస్మవ్వ కట్ చేయకుండానే నిద్రపోయింది. గురక వినిపిస్తోంది. పెద్దులు కూడా కట్ చేయలేదు. విమానం దిగేదాకా అక్కడే గులకరాళ్ల మీద కూర్చుని వింటూ ఉన్నాడు.