ఎవ్వరికీ చెప్పొద్దని గట్టిగా చదివించుకున్న నంబరు

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క వచ్చేది కాదు. ఇప్పుడు ఈ నాలుగు మాటలు నా చేత్తో రాస్తున్నాను కాబట్టి, ఇంతకుముందు ఎందుకు రాయలేకపోయానో మొదట చెప్పుకోవాలి. మా ఊళ్లో నా ఈడు పిల్లలకు ఒళ్లో పలక పెట్టిన వయసుకు నాకు చాట పెట్టారు. చాటలో తునికాకు, తంబాకు. రోజుకు ఇన్ని బీడీలని లెక్క చుట్టే వేళ్లకు బలపం పట్టే తీరిక ఎక్కడిది? పద్దెనిమిదో ఏట పెళ్లయి సూరత్ వచ్చాను. మా ఆయనకు పాండేసరలో రంగుల మిల్లులో పని. ఇక్కడ దుకాణం బోర్డు గుజరాతీ, బస్సు బోర్డు గుజరాతీ, మిల్లు వాళ్లిచ్చే చీటీ హిందీ. మా దిక్కు నుంచి చదువుకుని వచ్చినవాళ్లు కూడా ఆ బోర్డుల ముందు నాలాగే నోరు తెరిచి నిలబడేవాళ్లు. అది చూసి, చదువు లేకపోవడం వల్ల నాకు పోయిందేమీ లేదని ధైర్యం తెచ్చుకున్నాను. (ఆ ధైర్యమే కొంప ముంచబోయింది.)

నలభై ఆరేళ్ల వయసులో చీరల వ్యాపారం మొదలుపెట్టాను. తల సగం నెరిసినా వ్యాపారంలో మాత్రం నేను పాలపళ్ల పిల్లనే. రింగ్ రోడ్ మార్కెట్లో ఒక సేఠ్ దగ్గర చీరలు తెచ్చి, తలుపు మీద పరిచి ఫోటో తీసి, ఫోన్లో ఫోటోలూ మాటలూ పంపుకునే పచ్చ యాప్‌లో మా దిక్కు ఆడవాళ్లకు పంపేదాన్ని. రాయడం రాదు కాబట్టి అంతా నోటితోనే. "ఇగో వదినా, గీ చీర జూడు. లేత కాకరకాయ రంగు. కడితే కట్టినట్టే ఉండది, గంత తేలిక. రంగు పోయిందనుకో, నాకు పంపు, నేనే కట్టుకుంట." ఇట్లా మాట నింపి పంపితే, అటునుంచి కూడా మాటలే వచ్చేవి. ఎవరు ఎవరో తెలియడానికి మా చిన్నది (నా కూతురు, అప్పుడు కాలేజీలో ఉంది) ఒక్కొక్కరి పేరు పక్కన ఒక్కో బొమ్మ పెట్టింది. అంగన్‌వాడీలో పనిచేసే చెల్లెకు కోడిగుడ్డు. పాడి ఉన్న కోరుట్ల వదినకు బర్రె. (వదినకు ఈ సంగతి ఇవాళే తెలుస్తుంది. వదినా, కోపం చేసుకోకు, అది చాలా అందమైన బర్రె.)

మా బిల్డింగ్ కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న అన్నది కామారెడ్డి దిక్కు. పదో తరగతి చదివాడు. కరెంటు బిల్లు, రేషన్ మెసేజీ, గ్యాస్ బండ నంబరు, మా మెట్ల మీద నడిచే వాళ్లందరివీ ఆయనే చదివిపెట్టేవాడు. పాపం, ఆయనకు ఒకే ఒక్క ఇబ్బంది. మనసులో చదువుకుంటే ఆయనకే అర్థమయ్యేది కాదు, గట్టిగా చదవాల్సిందే. అందువల్ల నా గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో నాకంటే ముందు వీధి చివర పాలవాడికి తెలిసేది. అందులో తప్పేముందని నేనెప్పుడూ అనుకోలేదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. హిందీలో ఎవరో అబ్బాయి, వెన్నలాంటి గొంతు. "మేడం, నేను కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను" అన్నాడు. మేడం! మార్కెట్లో సేఠ్ నన్ను "ఏ బెహన్" అంటాడు, మిల్లు వాచ్‌మన్ "ఏ అమ్మా" అంటాడు, మా ఆయన అసలు ఏమీ అనడు, దగ్గుతాడు. మేడం అనే మాట నా చెవిలో పడటం అదే మొదలు. అక్కడే నేను సగం పడిపోయాను. నా చీరల వ్యాపారం చాలా బాగా నడుస్తోందట. ఇట్లాంటి ఖాతాల మీద దొంగల కళ్లు పడుతున్నాయట. అందుకని ఆ పచ్చ యాప్ కంపెనీవాళ్లు నా పేరు పక్కన అసలు సిసలు దుకాణమని ఒక గుర్తు వేసి, దొంగల నుంచి కాపాడతారట. "మీకొక నంబరు వచ్చింది మేడం, అది చెప్పండి చాలు."

అంకెలు నాకు తెలుసు. ధరలు చెప్పాలి కదా. కానీ ఆ ఇంగ్లీషు చీమల బారులో ఆయన అడిగే నంబరు ఏదో తెలియలేదు. "భయ్యా, నాకు చదవరాదు. ఉండు, కిందికి పోయి చదివించుకుంట" అన్నాను, నాకు వచ్చిన హిందీలో. "ఆరామ్ సే, మేడం" అన్నాడు. ఎంత ఓపిక! రెండంతస్తులు దిగాను. మధ్యలో ఆయాసం వస్తే నిలబడి, "భోజనం చేసినవా భయ్యా?" అని కూడా అడిగాను. చేశానన్నాడు. కింద ఇస్త్రీ అన్న ఎవరిదో తెల్ల చొక్కా మీద ఉన్నాడు.

"జర ఆగు అక్కా, కాలర్ అయిపోనీ."

కాలర్ అయ్యేదాకా నేనూ ఆగాను, దొంగా ఆగాడు. అప్పుడు అన్న ఫోన్ అందుకుని, మెడ సాచి, ఆరంకెలనూ ఒక్కొక్కటిగా, ఒకటికి రెండుసార్లు, మైకులో చెప్పినట్టు చదివాడు. చదివాక కింది వరస కూడబలుక్కున్నాడు. "అక్కా, గీ నంబరు ఎవ్వరికీ చెప్పొద్దని రాసిండ్రు."

"ఎవ్వరికంటే బయటోళ్లకు అన్నా. ఈయన కంపెనీ ఆయన."

"గట్లయితే సరే" అన్నాడు అన్న. బట్టల కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు, పాలవాడు కూడా సరేనన్నట్టు తలలూపారు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నంబరు చెప్పబోతే, "మిల్ గయా మేడం, థ్యాంక్యూ" అన్నాడా అబ్బాయి. నేను చెప్పనే లేదు. అన్న గొంతు నుంచి నేరుగా అందుకున్నాడు!

నా పేరు పక్కన ఆ గుర్తు రావడానికి రెండు గంటలు పడుతుందట, అందాకా ఫోన్ ఆపేసి ఉంచమన్నాడు. ఆపేశాను. ఆపి ఊరుకున్నానా? కొత్త జాకెట్టు ముక్కలో చుట్టి, దేవుని అరలో పెట్టి, ఇంత కుంకుమ కూడా పెట్టాను. పెట్టి, ఆ రోజు పప్పులో రెండు గరిటెలు నెయ్యి ఎక్కువ వేశాను.

మూడు దాటాక మా చిన్నది తన ఫోన్ చెవికి ఆనించుకునే లోపలికి వచ్చింది. దాని ముఖం సున్నం కొట్టినట్టుంది. "మమ్మీ, షూ థయూ? ఏమైంది? నీ ఫోన్ ఎందుకు బంద్ ఉన్నది? కోరుట్ల అత్తమ్మ మాట్లాడుతది, తీసుకో" అంది. పార్సిళ్ల మీద దాని నంబరు ఉంటుంది కాబట్టి వదిన అక్కడికి చేసింది. నేను ఫోన్ తీసుకున్నానో లేదో, వదిన అందుకుంది.

"ఏందే, నేను నీకు పరాయిదాన్ని అయిన్నా? దయచేసి అంటవా నన్ను? మీరు అంటవా? నమస్కారం అంటవా? ఏం జేసిన్నే నీకు?"

"నేనెప్పుడన్న వదినా?"

"నా మనుమడు చదివి చెప్పిండు. 'నమస్కారం. నేను ఆసుపత్రిలో ఉన్నాను, ఆపరేషన్ కొరకు దయచేసి మీరు పదివేలు పంపగలరు.' ఆపరేషన్ అయితే అయింది గని, పంపగలరు ఏందే? వదినా పంపు అంటే నా నోట్ల ముల్లు ఇరుగుతదా?"

వదిన బాధ ఆపరేషన్ గురించి కాదు, మర్యాద గురించి. రాయడం రాని నేను రాశానట! ఎప్పుడూ లేని ఆసుపత్రిలో నేను ఉన్నానట! దేవుని అరలో కుంకుమ బొట్టుతో పడుకున్న ఫోన్ పదివేలు అడుగుతోందట! మా చిన్నది నన్ను నాలుగు ప్రశ్నలు అడిగి, నెత్తి పట్టుకుంది. "బాప్ రే! ఆ నంబరు తాళంచెవి మమ్మీ. నువ్వు ఇంటి చెవి దొంగకిచ్చి, అన్నం తిన్నవా అని అడిగొచ్చినవ్."

నా చీరలు కొనే నూట ఇరవై మందికీ ఆ ఉత్తరం వెళ్లింది. వదిన లాంటి వాళ్లు కోపం తెచ్చుకుంటారు సరే. నమ్మేవాళ్ల సంగతి? అంగన్‌వాడీ చెల్లె గుర్తొచ్చింది నాకు. ఎవరికి జ్వరమన్నా తన కంట్లో నీళ్లు వచ్చే మనిషి. జీతం చేతికి వచ్చి రెండు రోజులు కూడా కాలేదు. నన్ను నమ్మి ఆ పిల్ల ఆ జీతం దొంగకు పంపితే, ఇంక ఆ ఊళ్లో నేను ముఖం ఎట్లా చూపించేది? ఫోన్‌ను అరలోంచి లాగి, ఆన్ చేసి, గుడ్డు బొమ్మ వెతికి నొక్కాను. బిజీ. మళ్లీ బిజీ. ఒక పక్క మా చిన్నది దాని ఫోన్లో పోలీసులకు ఫిర్యాదు రాస్తోంది, ఇంకో పక్క నేను గుడ్డు మీద వేలు అరిగేలా నొక్కుతున్నాను. అరగంట పాటు బిజీ. ఇంతసేపు ఎవరితో మాట్లాడుతోందో అర్థం కాలేదు. చివరికి ఎత్తింది.

"అక్కా! నువ్వా? మాట్లాడకు, మాట్లాడకు! కుట్లు పిగులుతయ్!"

"ఏ కుట్లే? నాకేం కాలే! అది దొంగ పని. పైసలు పంపినవా?"

ఆ పిల్ల చిన్న గొంతుతో, "ఇంకా పంపలే అక్కా, ఏమనుకోకు. తొమ్మిది మందిమి ఏసుకున్నం. గంట సంది అందరికీ ఫోన్లే చేస్తున్న. తొమ్మిది వేల ఎనిమిది వందలు అయినయ్. నువ్వు నోరు తెరిచి పది అడిగితే తక్కువ పంపుడు మంచిగుండదని, ఇంకో రెండు వందలకు ఆశా అక్క ఇంటికి పోతున్న" అంది.

దొంగ సంగతి తెలిసి వచ్చిన దడ ఒక ఎత్తు, ఈ మాట విని వచ్చిన దడ ఒక ఎత్తు. నాకు ఆపరేషన్ అంటే తొమ్మిది మంది ఇట్లా కదులుతారని నాకు తెలియదు. రెండు వందలు తక్కువ పంపడానికి ఆ పిల్ల సిగ్గుపడింది కాబట్టి అందరి డబ్బూ మిగిలింది. "ఎవ్వలియి వాళ్లకు ఇచ్చెయ్యే" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

చీకటి పడేలోపు మా చిన్నది కొత్త నంబరు తెప్పించుకుని ఖాతాను వెనక్కి లాగింది, దొంగను బయటికి గెంటింది. వెంటనే అందరికీ నా గొంతుతో మాట పంపాను. "వదినలారా, చెల్లెలారా, నేను మంచిగనే ఉన్న. నేనెప్పుడన్న రాసినట్టు కనపడితే అది నేను గాదు." తర్వాత మా చిన్నది, "ఇగ రెండో తాళం వేద్దాం. ఆరంకెలు నువ్వే అనుకో. ఇస్త్రీ అంకుల్‌కు చెప్పకు, డాడీకి చెప్పకు, నాకు గూడ చెప్పకు" అని గోడ వైపు తిరిగి కూర్చుంది. నలభై ఆరేళ్లలో నా ఒక్కదానికే తెలిసిన సంగతి అదే మొదటిది. దొంగతనం చేస్తున్నట్టు ఆరంకెలూ కొంగు చాటున నొక్కాను. (ఆ నంబరు ఇక్కడ రాస్తానని ఆశపడకండి.)

మరునాడు పొద్దున పాల కోసం కిందికి దిగాను. రాత్రంతా బాధపడ్డాడో ఏమో, ఇస్త్రీ అన్న కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా నోరే పాపం జేసింది అక్కా. కొత్త తాళం వేసిండ్రట గదా? నంబరేందో చెప్పు, నువ్వు మర్చిపోతే నేను యాదికుంచుత" అన్నాడు. అంత మంచి మనిషికి లేదని చెప్పడం నా వల్ల అవుతుందా అనుకున్నాను. అయింది. "నంబరు చెప్పనన్నా. అ ఎట్ల రాస్తరో చూపెట్టు" అన్నాను. ఆయన బట్టల మీద చల్లే నీళ్లలో వేలు ముంచి, బండి మీద పరిచిన దుప్పటి మీద ఇంత పెద్ద అ రాశాడు. దాని వంపు ఎటు తిరిగిందో చూసుకుని, నేను కూడా వేలు ముంచి పక్కనే రాశాను. ఒక పక్కకు ఒరిగి, కడుపుతో ఉన్నట్టు వచ్చింది. ఆయనకు గిరాకీ చొక్కా ఉంది, ఇస్త్రీ పెట్టె ఎత్తాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"జరసేపు ఉండనియ్యి అన్నా."