వైరు లేని గొంతు

ముందే చెప్తున్నా. శబ్దాలు కలపడం నా పని. కానీ ఈ సంగతిలో నేనేదీ కలపలేదు. మా అమ్మ మీద ఒట్టు... జరిగింది జరిగినట్టే చెప్తున్నా. ఇప్పటికీ చెప్తుంటే చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. నవ్వు కూడా వస్తుంది. రెండూ ఒకేసారి.

తెలంగాణ కోసం రోడ్లన్నీ జనంతో నిండిపోయిన రోజులవి. అప్పట్లో జగిత్యాలలో నాకొక చిన్న రికార్డింగ్ గది ఉండేది. జానపద పాటలు రికార్డు చేసేవాణ్ని. కంప్యూటర్ తెరమీద ఒక్కో గొంతూ ఒక్కో గీత. తీరిగ్గా కత్తిరించి, అతికించి, కలిపి సీడీ చేసి ఇచ్చేవాణ్ని. గదిలో కూర్చుని చేసే పని. జనం ముందు, వాళ్లు పాడుతుండగానే కలపడం మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ రోజు కోరుట్లలో వంటావార్పు. రోడ్డు మీదే రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. ఒక్కో ఊరు ఒక్కోటి తెచ్చింది. బియ్యం ఒకరివి, కూరలు ఒకరివి, కట్టెలు ఒకరివి. అక్కడే వండుకుని, అక్కడే తిని, సాయంత్రం పాటలు. సిరిసిల్ల నుంచి డప్పుల బృందం వచ్చింది. వాళ్లకు పెద్ద శంకరన్న. సాంచాల మీద బట్ట నేసే మనిషి. పాటలన్నీ రికార్డు చేసుకుందామని నేను లాప్‌టాప్, మైకుల వైర్లు గుచ్చే డబ్బా పట్టుకుని పోయాను. ఆ డబ్బాకు ఎనిమిది రంధ్రాలు.

చీకటి పడుతుంటే, మైకుల శబ్దాన్ని బాక్సులకు పంపే టెంట్‌హౌస్ వాళ్ల మిక్సర్ కాలిపోయింది. కరెంటు ఒక్కసారి ఎక్కువైంది... టప్‌మని చప్పుడు... పొగ వాసన. అంతే. రోడ్డు నిండా జనం, మైకుల్లో మాట లేదు.

శంకరన్న నా దగ్గరికొచ్చాడు.

"తమ్మీ, నీ డబ్బాల నుంచి గా పెద్ద బాక్సులకు సౌండ్ పోతదా?"

"పోతదన్నా. కని గిట్ల నేనెన్నడు చెయ్యలె. నడుమల కంప్యూటర్ ఆగిందనుకో, అంత ఆగుతది."

"ఆగితే మేం ఒట్టి నోటితోనే పాడ్తం. నువ్వైతే పెట్టు."

పెట్టాను. డప్పులకు నాలుగు మైకులు, గొంతులకు మూడు. ఏడు వైర్లు, ఏడు గీతలు. ఎనిమిదో రంధ్రం ఖాళీ. తెరమీద దాని గీత నల్లగా, కదలకుండా ఉంది.

ఇక్కడొకటి చెప్పాలి. మైకులో పడ్డ శబ్దం కంప్యూటర్ దాటి నా చెవికి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది. రెప్పపాటు కూడా కాదు. అయినా ఆలస్యం ఆలస్యమే. ఈ పని చేసే ఎవరినడిగినా చెప్తారు. శబ్దం ఆలస్యంగా వస్తుంది... ముందుగా రాదు.

శంకరన్న మొదటి పాట ఎత్తుకున్నాడు. కంప్యూటర్ ఆగలేదు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక గీత పెంచుతూ, ఒకటి తగ్గిస్తూ... నాలుగో పాటకు నా భయం పోయింది. ముసలోళ్లు కూడా తువ్వాలలు తిప్పుతూ ఎగురుతున్నారు. నాకూ ఎగరాలనిపించింది.

తర్వాత రాజవ్వక్క వచ్చింది. రాయికల్‌లో బీడీలు చేస్తుంది. మైకు పట్టుకోవడం అదే మొదలు. మధ్యాహ్నం కూరగాయలు కోస్తూ కోస్తూ ఒక పాట కట్టింది. ఏ ఊరు ఏం తెచ్చిందో చెప్పే పాట. విన్నవాళ్లంతా ఇది పాడాల్సిందేనని, వేదికగా నిలిపిన ట్రాక్టర్ ట్రాలీ మీదికి ఆమెను ఎక్కించారు. మైకును రెండు చేతులా పట్టుకుంది. గాజుల చప్పుడు నా చెవుల్లో వినిపిస్తోంది.

"ఊరూరు కదిలొచ్చెరో... రోడ్డంత మనదాయెరో...
రాయికలు కూరలొచ్చె... కథలాపూరు బియ్యమొచ్చె..."

జనం అందుకున్నారు. బాగుంది. చాలా బాగుంది. అంతలో... ఆగిపోయింది.

మరిచిపోయింది. డప్పులు మోగుతూనే ఉన్నాయి. శంకరన్న ఒక చుట్టు ఎక్కువ కొట్టించాడు. ఇంకో చుట్టు. ఆమె పెదవులు కదలడం లేదు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ఎవరో నవ్వారు. ముందు వరుసలో ఆమె కూతురు తల దించుకుంది.

అప్పుడు... నా హెడ్‌ఫోన్లలో...

"చందుర్తి కట్టెలొచ్చె..."

ఆడ గొంతు. మెల్లగా... చెవి పక్కన కూర్చుని పాడినట్టు. రాజవ్వక్క వైపు చూశాను. ఆమె నోరు మూసుకునే ఉంది. మిగతా రెండు మైకుల దగ్గర మగవాళ్లున్నారు. వాళ్లూ ఆమెనే చూస్తున్నారు.

తెర చూశాను.

ఎనిమిదో గీత... కదులుతోంది. పచ్చగా లేచి, పడి, లేస్తోంది.

డబ్బా చూశాను. ఎనిమిదో రంధ్రంలో వైరు లేదు. వేలు పెట్టి చూశాను. చల్లటి ఇనుము. అంతే. మళ్లీ అదే మాట వచ్చింది... "చందుర్తి కట్టెలొచ్చె..." దాని ముందు ఊపిరి పీల్చుకున్న చప్పుడు. పెదవులు విడిన చప్పుడు.

ఆ గీతను ఆపే మీట నొక్కుదామని చెయ్యి వెళ్లింది. నొక్కలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. పాడేవాళ్ల కాళ్ల దగ్గర ఒక చిన్న స్పీకరుంటుంది, వాళ్లకు మాత్రమే వినపడేది. ఆ గొంతును దాంట్లోకి పంపాను. పెద్ద బాక్సులకు పంపలేదు.

రాజవ్వక్క ఉలిక్కిపడింది. కాళ్ల దిక్కు చూసింది. తర్వాత తలెత్తి...

"చందుర్తి కట్టెలొచ్చె!"

రోడ్డంతా హోరెత్తింది. డప్పులు ఒక్కసారి లేచాయి. ఆమె కూతురు తల పైకెత్తింది.

ఆ తర్వాత వరసగా... లోపలి గొంతు ముందు, ఆమె వెనక. "సిరిసిల్ల చీరెలొచ్చె..." ముందు నా చెవిలో. తర్వాత ఆమె నోట్లో. తర్వాత వేలమంది నోళ్లలో. నా వీపు మీద చెమట చల్లగా కారుతోంది. కాళ్లు మాత్రం డప్పుకు తగ్గట్టు ఆడుతున్నాయి. అంత భయంలో అంత సంతోషం... నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు.

చివరగా ఆ గొంతు అంది.

"మెట్‌పల్లి పసుపొచ్చె..."

రాజవ్వక్క ఒక్క క్షణం తడబడింది. అప్పటిదాకా మెట్‌పల్లి నుంచి ఎవరూ రాలేదు. పసుపూ రాలేదు. అయినా పాడేసింది. జనం కూడా పట్టించుకోకుండా అందుకున్నారు.

అంతలో మూలమలుపు దగ్గర హారన్. ఒకటి కాదు... వరసగా. ట్రాక్టర్లు. పసుపు రైతులు, మెట్‌పల్లి నుంచే. దారిలో పోలీసులు ఆపితే చుట్టూ తిరిగి వచ్చారట. వాళ్లు దోసిళ్లతో పసుపు చల్లుతూ వస్తుంటే జనం పిచ్చిపట్టినట్టు ఎగిరారు. డప్పులు పసుపు, తలలు పసుపు, నా లాప్‌టాప్ మీటలు కూడా పసుపు. తుడిచి తెర చూస్తే... ఎనిమిదో గీత నల్లగా ఉంది.

ట్రాలీ దిగి రాజవ్వక్క నేరుగా నా దగ్గరికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మంచిగ అందిచ్చినవు తమ్మీ. నా ఇజ్జత్ కాపాడినవు. గా ఎనుక నుంచి పాడిందెవలు?"

"నాకెర్కలేదక్కా."

"గట్లంటవేంది? ట్రాక్టర్లొస్తున్నయని గామెకు ఎట్ల తెలిసిందో అడుగుదామని అచ్చిన."

శంకరన్నకు ఖాళీ రంధ్రం చూపించాను. ఆయన డబ్బా ఎత్తి, కింద చూసి, మళ్లీ పెట్టాడు.

"రేడియో దూరిందేమోరా."

"రేడియోల చందుర్తి కట్టెల ముచ్చట ఎందుకొస్తదన్నా?"

ఆయన తల గోక్కున్నాడు. తర్వాత నవ్వాడు. "ఎవలైతేంది, మనోల్లే. తిందాం పా."

ఇంటికొచ్చి ఆ రికార్డింగ్ విన్నాను. ఎనిమిదో గీతలో గొంతు ఉంది. నిజంగా ఉంది. కానీ మిగతా మైకులన్నిట్లో పక్క చప్పుళ్లు దూరాయి. డప్పులు, ఈలలు, గిన్నెల మోత. దీంట్లో ఏమీ లేవు. నాలుగు గోడల మధ్య, తలుపులు మూసుకుని, ఒక్కతే కూర్చుని పాడినట్టుంది. ఆ రోజు అంత గోల మధ్య... అంత నిశ్శబ్దం ఎక్కడిది?

కొన్నాళ్లకు రాజవ్వక్క ఏదో పనిమీద జగిత్యాల వచ్చింది. గదికి పిలిచి వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నది. భయపడుతుందనుకున్నాను.

"నాకంటె మంచిగ పాడిందిరా" అంది. "మల్ల ప్రోగ్రాం ఉంటే గామెను గూడ పిలువు. పక్కపక్కన నిలవడి పాడ్తం."

సరే అన్నాను. ఎక్కడికి పోయి పిలవాలో... ఏమని పిలవాలో... ఇప్పటికీ నాకు తెలియదు.