తువ్వాలు ఊపితేనే మోటారు

మా ఎమ్మిగనూరు పక్క చేన్లలో కరెంటు కోసం చూసినంతగా వాన కోసం కూడా చూడం. మోటార్లు తిరిగే త్రీఫేజు పగటిపూట కొన్ని గంటలే ఇస్తారు. ఆ కాసేపటికి మా బోర్లన్నిటికీ కలిపి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. అది బక్క ఎద్దు, బండి నిండా మేము.

నేను బడి మానేసింది చిన్నప్పుడే. అయినా లైన్‌మన్ చెప్పింది నాకే అర్థమైంది. మోటారు లేచేటప్పుడు తిరిగేటప్పటికంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఒకటి కుదురుకున్నాక ఇంకోటి వేసుకుంటే అందరికీ నీళ్లు. అన్నీ ఒక్కసారి లేస్తే ఎవరికీ ఉండవు. కానీ మా స్టార్టర్ డబ్బాలన్నిటికీ ఆటో తగిలించి ఉంటుంది. రైతు ఇంట్లో అన్నం తింటున్నా, కరెంటు రాగానే మోటారు తానే లేస్తుంది. అందుకే రోజూ ఫీజులు కొట్టేసేవి, రోజూ ఒకరినొకరు తిట్టుకునేవాళ్లం.

ఆ ఏడు నేను ఉల్లి వేశాను. గడ్డ ఊరే సమయం. అప్పుడు తడి తప్పితే ఉల్లిగడ్డ గోలీకాయంత దగ్గరే ఆగిపోతుంది.

పక్క చేను పెద్దాయన నాకు వరసకు మామ. ఆయనే పంచాయితీ పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకు పసుపు పూసి, టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించాడు. ఆటోలు తీసేస్తామని అందరం కర్పూరం ముట్టి ప్రమాణం చేశాం. మొదట మామ మోటారు వేయాలి. నీళ్లు పడగానే గట్టు మీద నిలబడి తువ్వాలు ఊపాలి. అది చూసి నేను, నన్ను చూసి ఆ పై చేనువాడు. మా వాళ్లలో అంత భక్తి నేను తేరు లాగేనాడు కూడా చూడలేదు.

మరుసటి రోజు ఆటో తీసేసి డబ్బా దగ్గర నిలబడ్డాను. గట్టు మీద మామ లేడు. ఏ చేన్లోనూ మనిషి లేడు. కరెంటు వచ్చింది. మనుషుల్లేని చేన్లలో మోటార్లన్నీ ఒక్క గొంతుతో మూలిగాయి. మామ పైపులో ఒక్క పుక్కిలింత నీళ్లు పడ్డాయి. అంతే, ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. నిన్నటి పసుపు మీదుగా నూనె కారింది.

కాసేపటికి మామ ఎమ్మిగనూరు నుంచి బండి మీద దిగాడు. చేతిలో ఉగ్గాని బజ్జీల పొట్లం. ఆటో పెట్టిందెవరని అందరికంటే ముందు ఆయనే అడిగాడు.

"నువ్వు ల్యాకుండానే నీ పైపులో నీళ్లు పడినాయి మామా," అన్నాను.

"కర్పూరం ముట్టింది నేను గదప్పా. మోటారు గాదు గదా."

అందరూ నవ్వారు. ఊళ్లో నవ్వించే పని నాది. ఆ రోజు అది మామ చేశాడు. మిగతావాళ్లను అడిగితే, పక్కవాడు తీయడని తెలిసే తామూ తీయలేదన్నారు. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం.

ట్రాన్స్‌ఫార్మర్ రిపేరుకు ఆదోని పోయింది. తిరిగొచ్చేసరికి నా ఉల్లి ఆకు ఎండి వాలిపోయింది. పెరికితే గోలీలు. చేన్లోకి గొర్రెలను తోలాను. అవి కూడా మొహమాటానికే మేశాయి.

మళ్లీ పసుపు, మళ్లీ టెంకాయ. కర్పూరం పళ్లెం నా ముందుకొస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మామ నన్ను పక్కకు పిలిచాడు.

"నీకిప్పుడు నీళ్లతో పని లేదు గదా. నీ వంతు మా రెండో బోరుకియ్యప్పా."

"ఉన్న బోరే నిన్ను అడిగి లేస్తాందా మామా, రెండోదానికి వంతెందుకు?"

మామకు కోపం రాలేదు. అదీ నిజమేనన్నట్టు తలూపి, కర్పూరం ముట్టడానికి పోయాడు.