చెల్లెలి తాళం మెయిలు

మా చెల్లెలు పెట్టిచ్చిన తాళం మెయిలు పనికిరానిదని మూడేళ్లుగా అడిగినవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. తాళం గట్టిదే. వదులైంది నేనే.

నగరిలో మా మరమగ్గాల షెడ్డుకు ఒకటే కంప్యూటరు, ఒకటే మెయిలు. ముందు ఎవరు కూర్చుంటే వాళ్లే అన్నీ చదివేస్తారు. సత్యవేడులో టీచరుగా ఉన్న చెల్లెలికి ఇది నచ్చలేదు. ఒక ఆదివారం వచ్చి, నేను పాస్‌వర్డు కొడితే తప్ప తన మెయిలు ఎవరికీ అర్థం కాకుండా ఏర్పాటు చేసి వెళ్లింది.

వారం తిరక్కముందే మొదటిది వచ్చింది. చూసినవాడు తమ్ముడు.

"అన్నా, ఇదేందిది? కీబోర్డు మీద కోడి గింజలేరుకున్నట్ల ఉండాది!"

"ఎన్‌క్రిప్షన్ అంటారు రా దీన్ని. నీకు అర్థం కాదులే."

"నీకు మాత్రం అయిందా?"

"సూడు, ఇప్పుడే సూపిస్తా."

పాస్‌వర్డు కొట్టాను. తాళం ఎంత గట్టిదో చూపించాలన్న ఉబలాటంలో తలుపే తీసేశాను. గజిబిజి అంతా తెలుగులోకి తిరిగింది. ఇద్దరం తలలు ఆనించి చదివాం.

"తిరుపతికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాను. అత్తకు నేనే కూర్చోబెట్టి చెప్పాలి. అంతవరకు ఎవరికీ చెప్పొద్దన్నా."

తమ్ముడు భార్యకు చెప్పాడు; ఆమె పుట్టిల్లు సత్యవేడే. సాయంత్రానికల్లా సంగతి చెల్లెలి అత్త చెవిన పడింది. ఊరందరి తర్వాత తనకు తెలిసిందని ఆమె అలిగింది. చెల్లెలు దరఖాస్తు వెనక్కి తీసుకుంది.

"యాడ బయటపడిందన్నా?" అని నాకు ఫోన్ చేసింది.

"ఆ సాఫ్ట్‌వేరే డొల్ల."

"నేనే సరిగా పెట్టలేదేమో. ఏమీ అనుకోవాకన్నా."

నేను పెద్దమనసుతో "పర్వాలేదులే" అన్నాను.

పోయిన నెల వాళ్ల బడిలో కంప్యూటరు పని అప్పజెప్పబోతే, "నాకు చేతకాదు సార్, ఒకసారి చెడగొట్టినాను" అందట. తనే నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. జరిగిందంతా ఫోన్లోనే చెప్పేశాను.

చెల్లెలు చివరిదాకా వింది. తర్వాత, "నాకు చెప్తే ఏమొస్తుంది? వచ్చి మా అత్తకు చెప్పు" అంది.

వెళ్లాను. ఆమె వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. తమ్ముడి మీదకి నెట్టకుండా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"అయితే ఊరంతా చాటింది ఈ పిల్ల కాదా అప్పా? మూడేండ్లు దీన్ని నోటికొచ్చినట్ల అంటినే!"

తర్వాత లోపలికి కేక వేసింది. "ఏమ్మే, ఆ తిరుపతి కాగితం ఇంకా ఉండాదా?"

"లేదత్తా. మళ్లీ రాసుకోవల్ల," అంది చెల్లెలు గడపలో నిలబడి, నా వైపు చూడకుండా.